తడి ఆరిన కళ్ళు: పొడి కంటి వ్యాధిని గురించి కార్మికులతో కొన్ని మాటలు

(కార్మిక ఆరోగ్య శిక్షణ తరగతిలో చేసిన ప్రసంగ పాఠం)



నూలు మిల్లులో పని చేసినవారికి ఒక సంగతి తెలుసును. అక్కడ షెడ్డులోని గాలికి తేమ కల్పిస్తూ ఉంటారు. గాలి పొడిబారితే పోగు తెగుతుంది. పోగు తెగితే ఉత్పత్తి తగ్గుతుంది. అందుచేత గాలిలో తేమ ఎంత ఉన్నదో చూపే పరికరం ఒకటి గోడకు వేలాడుతుంది. దానిని చూచి వ్రాసుకొనే మనిషి కూడా ఉంటాడు. పోగుకు జరిగే ఈ మర్యాద మనిషి కంటికి జరగడం మాత్రం మేము ఏ కార్ఖానాలోనూ, ఏ కార్యాలయంలోనూ చూడలేదు. నేడు మేము మాట్లాడదలచినది ఆ కంటిని గురించి. అది పొడిబారినప్పుడు కలిగే బాధను గురించి, దానితో నెట్టుకురావలసిన విధానాన్ని గురించి.

మా వద్దకు వచ్చే కార్మికులు చెప్పే మాటలు దాదాపు ఒకే తీరుగా ఉంటాయి. కంట్లో ఇసుక పోసినట్లున్నదని ఒకరు, మధ్యాహ్నం దాటితే మంట మొదలవుతుందని ఒకరు, అక్షరాలు మసకబారి రెప్ప వాలిస్తే మళ్ళీ కనబడుతున్నవని మరొకరు, తెల్లవారి లేచేసరికి రెప్ప గుడ్డుకు అతుక్కొని ఉంటున్నదని వేరొకరు. ఫ్యాను క్రింద కూర్చోలేమనేవారు ఎందరో. ఇది పొడి కంటి వ్యాధి అని డాక్టరు చెప్పగానే వీరిలో పలువురు నమ్మరు. "చెంపల మీదుగా నీళ్ళు కారుతూ ఉంటే కన్ను ఎండిందంటారేమిటండీ?" అని అడుగుతారు. అడగవలసిన ప్రశ్నే. ఈ చిక్కు విడితే వ్యాధి సగం అర్థమైనట్లే.

సేద్యం తెలిసినవారికి దీనిని చెప్పడం తేలిక. గట్టు తెగి పారిన నీరు పొలానికి పదును కాదు. కంటిమీద నిలిచి ఉండవలసిన తడి ఒకటి ఉన్నది. కంటికి నొప్పి కలిగినప్పుడు ఒక్కసారిగా పొంగి కారిపోయే నీరు మరొకటి. నిలిచే తడి ఆరిపోయినప్పుడు కంటిపై పొర మండుతుంది, ఆ మంటకు పొంగునీరు వస్తుంది, వచ్చి కారిపోతుంది. కన్ను మళ్ళీ ఎండుతుంది.

నిలిచే తడి ఒక సన్నని పొర. దాని మందం మిల్లీమీటరులో వెయ్యోవంతులు కొన్ని మాత్రమే. అయినా అందులో మూడు పదార్థాలు కలిసి పని చేస్తాయి: గుడ్డును అంటి ఉండే జిగురు, దానిలో నిలిచే నీరు, ఆ నీరు ఆవిరి కాకుండా పైన తెట్టె కట్టే నూనె. జిగురు తెల్లగుడ్డు పై పొరలోని కణాల నుండి వస్తుంది. నీటిలో అధికభాగం కనుబొమ్మ బయటి కొస క్రింద దాగి ఉన్న అశ్రుగ్రంథి ఇస్తుంది. నూనెను ఇచ్చేవి రెప్పల అంచులలో వరుస తీరి ఉన్న చిన్న గ్రంథులు; పై రెప్పలో సుమారు 30 నుండి 40 దాకా, క్రింది రెప్పలో 20 నుండి 30 దాకా ఉంటాయి. హైన్రిక్ మైబోమ్ అనే జర్మన్ వైద్యుడు 1666లో వీటిని వర్ణించినాడు కనుక నేటికీ వైద్యులు వీటిని మైబోమియన్ గ్రంథులంటారు. రెప్ప వాలినప్పుడు ఈ గ్రంథుల నుండి కొంచెం నూనె వెలికి వస్తుంది. రెప్ప లేచేటప్పుడు అది కంటిమీద పరచుకొంటుంది. ఇల్లాలు వాకిలి అలికినట్లు ప్రతి రెప్పపాటూ కంటిని అలికి పోతుంది.

నీరు చాలక ఎండే కళ్ళు కొన్ని, నూనె చాలక ఎండే కళ్ళు కొన్ని, రెండూ చాలనివి కొన్ని. నూనె చాలనివే ఎక్కువ. నూనె గ్రంథుల నోళ్ళు మూసుకుపోతే లోపలి నూనె గడ్డకట్టి వెన్నవలె అవుతుంది. ఉన్న నీరు సెకన్లలో ఆరిపోతుంది.

ఇక మన పనుల సంగతి. సాధారణంగా మనిషి నిమిషానికి 15 సార్లకు అటూ ఇటూగా రెప్ప వాలుస్తాడు. ఏదైనా ఒకదానిపై దృష్టి నిలిపినప్పుడు ఇది తగ్గుతుంది. కంప్యూటరు తెరను చూసేవారిలో సగానికీ, ఒక్కొక్కప్పుడు అంతకన్న తక్కువకూ పడిపోతుంది. వాలిన రెప్ప కూడా పూర్తిగా వాలదు, సగంలో ఆగి లేచిపోతుంది. హైదరాబాదులోనూ బెంగుళూరులోనూ చల్లని హాళ్ళలో రాత్రంతా తెరముందు కూర్చొనే యువతీయువకులు మమ్మల్ని కార్మికులమని అనుకోరు, సంఘంలో చేరరు. వారి కళ్ళు మాత్రం కార్మికుల కళ్ళే. ఎ.సి. గాలి తేమను లాగివేస్తుంది. ఆ గాలి తిన్నగా ముఖానికి తగిలే కుర్చీ ఎవరికి వస్తే వారి కళ్ళు ముందు ఎండుతాయి.

కంప్యూటరు ఒక్కటే కారణమనుకొనరాదు. భివండీలోనూ సూరతులోనూ మరమగ్గాల మీద పని చేసే మన తెలుగువారు తెగిన పోగును వెదకుతూ రెప్ప వేయడం మరచిపోతారు. పైగా గాలి నిండా దూది పొట్టు. షోలాపూరులోనూ నిజామాబాదులోనూ బీడీలు చుట్టే స్త్రీలకు పొగాకు ధూళి. గుంటూరు మిర్చి యార్డులో బస్తా మోసే హమాలీకి మిరప ఘాటు. బస్సు డ్రైవరుకు ఎదురుగాలి, కొలిమి వద్ద నిలిచినవానికి వేడి, రాయి కోసేవానికి రాతిపొడి. వీటిలో కొన్ని కంటి తడిని ఆర్పుతాయి. కొన్ని కంటిపై పొరను ఒరిపిడి పెట్టి వాపు కలిగిస్తాయి. వాచిన పొర తడిని నిలుపుకోలేదు.

పనితో నిమిత్తం లేని కారణాలు కూడా ఉన్నవి. వయసు పెరగడం, స్త్రీలలో ముట్టు ఆగిపోవడం, చక్కెర వ్యాధి, థైరాయిడ్ వ్యాధి, కీళ్ళవాతం. జలుబుకూ దురదకూ వేసుకొనే బిళ్ళలు, నిద్రకూ మనోవ్యాధికీ ఇచ్చే కొన్ని మందులు. శుక్లం ఆపరేషను తరువాత కొన్ని నెలలు కన్ను పొడిగా ఉండవచ్చును. కళ్ళతోపాటు నోరు కూడా ఎండిపోయి, అన్నం ముద్ద నీళ్ళు లేనిదే దిగకపోతే ఆ విషయం డాక్టరుకు తప్పక చెప్పవలెను. అది షోగ్రెన్ వ్యాధి కావచ్చును. స్వీడన్ వైద్యుడు హెన్రిక్ షోగ్రెన్ 1933లో దీనిని వివరించినాడు. శరీరం తన గ్రంథులపై తానే దాడి చేసే ఈ వ్యాధి అత్యధికంగా స్త్రీలకే వస్తుంది.

కన్ను ఎండిందనగానే మునగాకు తినుమని చెప్పేవారున్నారు. మునగాకు మంచిదే. విటమిన్ ఎ లోపించిన బిడ్డల కళ్ళు ఎండి చూపు పోవడం మన దేశం కళ్ళారా చూచినది. 1970 నుండి బిడ్డలకు ఆ విటమిన్ మోతాదులు ఇచ్చే జాతీయ కార్యక్రమం నడిచినది, దానికి హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ చేసిన పరిశోధన ఆధారం. కాని రెండు పూటలా కూర తింటూ, పదేళ్ళుగా తెర ముందో మగ్గం ముందో కూర్చున్న పెద్దవారి కంటిమంట సాధారణంగా ఆ లోపం వల్ల వచ్చినది కాదు. ఆకుకూరతో ఆగిపోతే కాలం వృథా అవుతుంది.

కాలం వృథా కావడం కన్న పెద్ద ప్రమాదం మందుల దుకాణంలో ఉన్నది. దీనిని గురించి మేము కొంచెం గట్టిగా చెప్పదలచినాము. పూట కూలి పోగొట్టుకొని ఆసుపత్రి వరుసలో నిలబడడం కష్టమే. కనుక కార్మికుడు షిఫ్టు దిగి దారిలో దుకాణం వద్ద ఆగి, "కళ్ళు ఎర్రబడ్డాయి, ఏదైనా చుక్కల మందు ఇవ్వండి" అంటాడు. అతని చేతికి రెండు రకాల మందులలో ఒకటి వస్తుంది. మొదటిది రక్తనాళాలను ముడుచుకొనేలా చేసి ఎరుపును పోగొట్టేది. గంటలో కన్ను తెల్లబడుతుంది. మందు ప్రభావం తగ్గగానే ఎరుపు ముందుకన్న ఎక్కువగా తిరిగి వస్తుంది. మళ్ళీ మందు, మళ్ళీ ఎరుపు. రెండవది స్టిరాయిడ్ కలిసిన చుక్కలు. వీటిని వేయగానే మంటా దురదా మంత్రం వేసినట్లు పోతాయి. అందుకే నమ్మకం కుదురుతుంది. సీసా అయిపోగానే మరొకటి, పక్క మగ్గంవానికి కూడా అదే. నెలల తరబడి ఇట్లా వాడినవారిలో కొందరికి కంటిలోని ఒత్తిడి పెరిగి నీటికాసుల వ్యాధి వస్తుంది, శుక్లం త్వరగా ముదురుతుంది. నీటికాసుల వల్ల పోయిన చూపు ఏ ఆపరేషనుతోనూ తిరిగి రాదు. మంట కోసం వేసుకొన్న మందు చూపునే తీసుకుపోతుంది. డాక్టరు చీటీ లేనిదే స్టిరాయిడ్ అమ్మరాదని చట్టం ఉన్నది. అది ఎంత చక్కగా అమలవుతున్నదో మీకు మేము చెప్పనక్కరలేదు. డాక్టరు స్వయంగా కొద్దివారాలపాటు స్టిరాయిడ్ వ్రాయవచ్చును, అందులో తప్పులేదు. ఆయన ఆపుమన్న తేదీన ఆపవలెను, ఒత్తిడి పరీక్షకు రమ్మన్న రోజున వెళ్ళవలెను.

చనుబాలు పిండడం, ఆముదం వేయడం, ఆకుపసరులు, తేనె, ఉల్లిరసం ఇవన్నీ మానవలెను. పసరుతో బూజు జాతి క్రిములు కంటిలోకి చేరితే పుండు పడుతుంది. నలుసును నాలుకతో తీయించుకోవడం, అగ్గిపుల్ల కొసతోనో లుంగీ అంచుతోనో తీయడం కూడా మన షెడ్డులలో ఇంకా ఉన్నది. శుభ్రమైన నీటితో కడుక్కొని, పోకపోతే డాక్టరు వద్దకు పోవడమే మార్గం.

పొడి కంటిని కనిపెట్టడానికి ఖరీదైన యంత్రం అవసరం లేదు. సన్నని కాగితపు పట్టీని క్రింది రెప్పలో తగిలించి, 5 నిమిషాలలో ఎంతవరకు తడిసినదో చూస్తారు; 10 మిల్లీమీటర్ల కన్న తక్కువ తడిస్తే అనుమానించవలెను, 5 కన్న తక్కువైతే నీటి కొరత బలంగా ఉన్నట్లు. ఒటో షిర్మర్ అనే జర్మన్ వైద్యుడు 1903లో వెల్లడించిన పరీక్ష ఇది. రెండవ పరీక్షలో కంటికి పసుపురంగు మందు అంటించి, రెప్ప వేయకుండా ఉంచి, తడి పొర ఎన్ని సెకన్లకు చిట్లుతుందో లెక్కిస్తారు. 10 సెకన్లు నిలవకపోతే ఆ పొరకు బలం లేదన్నమాట.

చికిత్స విషయంలో ముందుగా ఒక మాట. ఈ వ్యాధి చాలామందిలో పూర్తిగా పోయేది కాదు. రక్తపోటువలె, చక్కెరవలె అదుపులో ఉంచుకొనేది. వారంలో తగ్గలేదని మందు మార్చి, డాక్టరును మార్చి, చివరకు దుకాణంవాని వద్దకే చేరేవారికి ఈ సంగతి మొదట ఎవరూ చెప్పకపోవడమే కారణం.

నూనె గ్రంథులకు కావలసినది వేడి. శుభ్రమైన గుడ్డను వేడినీటిలో ముంచి పిండి, మణికట్టు లోపలివైపున తాకించి చూచుకొని, మూసిన రెప్పలపై పరచవలెను. చర్మం కాలరాదు, గోరువెచ్చదనానికి కొంచెం మించితే చాలును. చల్లారగానే మళ్ళీ ముంచుతూ 5 నుండి 10 నిమిషాలు ఉంచవలెను. తరువాత వేలితో పై రెప్పను పైనుండి క్రిందికి, క్రింది రెప్పను క్రిందినుండి పైకి మెల్లగా నిమరవలెను. కరిగిన నూనె వెలికి వస్తుంది. రెప్పల అంచులలో పొట్టు ఉంటే కాచి చల్లార్చిన నీటిలో తడిపిన దూదితో తుడవవలెను. ఉదయం ఒకసారి, రాత్రి ఒకసారి. ఒకరి గుడ్డ మరొకరు వాడరాదు. చెప్పడానికి పది నిమిషాలే. తెల్లవారుజామున నాలుగింటికి లేచి, వంట చేసి, బిడ్డను బడికి సిద్ధం చేసి, ఏడింటికి గేటు వద్ద ఉండవలసిన స్త్రీకి ఆ పది నిమిషాలు ఎక్కడినుండి వస్తాయి? ఇక్కడ కూర్చున్న సోదరులు నీళ్ళు కాచి ఇచ్చే వంతు తీసుకొందురుగాక. దీనికి యాజమాన్యంతో చర్చలు అక్కరలేదు.

తడి కోసం కృత్రిమ కన్నీటి చుక్కలు. సీసాపై పెద్ద అక్షరాలలో ఉండే వ్యాపార నామం కాక, చిన్న అక్షరాలలో ఉండే మందు పేరు చదివించుకొనండి: కార్బాక్సీమిథైల్ సెల్యులోజు, హైప్రోమెలోజు, సోడియం హయలురొనేటు వంటివి ఉంటాయి. ఒకే మందు, ఒకే బలం, వేర్వేరు ధరలకు దొరుకుతుంది. చౌకది అడగడానికి సంకోచం అక్కరలేదు. సీసాలో క్రిములు పెరగకుండా కలిపే బెంజాల్కోనియం క్లోరైడు అనే పదార్థం ఎక్కువసార్లు తగిలితే కంటినే ఒరిపిడి పెడుతుంది. రోజుకు నాలుగుసార్లు మించి వేసుకొనవలసినవారు ఆ పదార్థం లేని రకం కావలెనని డాక్టరును అడగవలెను. రాత్రి పడుకొనేముందు చిక్కని జెల్ వేయవచ్చును. చూపు కొంచెంసేపు మసకబారుతుంది కనుక డ్యూటీలో వద్దు.

వేసుకొనే పద్ధతి కూడా నేర్చుకోవలసిందే. చేతులు సబ్బుతో కడుక్కొని, తల వెనుకకు వాల్చి, క్రింది రెప్పను లాగి, ఏర్పడిన సంచిలో ఒక్క చుక్క. రెండు చుక్కలు వేస్తే రెండవది చెంపకే. సీసా మూతి కంటికి గాని రెప్పకు గాని తగలరాదు. ఒక నిమిషం కళ్ళు మూసుకొనవలెను. రెండు రకాల మందులుంటే మధ్య 5 నిమిషాల ఎడం ఉండవలెను. తెరచిన తేదీని సీసాపై వ్రాసి, నెల దాటితే మిగిలినా పారవేయవలెను. ఒక సీసాను బ్యాచి మొత్తానికి పంచరాదు. ఇది చాదస్తం కాదు. 2023లో అమెరికాలో, తమిళనాడులో తయారై అక్కడికి ఎగుమతి అయిన కృత్రిమ కన్నీటి మందుతో ముడిపడి, మందులకు లొంగని సూడోమోనాస్ అనే సూక్ష్మజీవి 81 మందికి సోకినట్లు అక్కడి ప్రభుత్వ ఆరోగ్య సంస్థ లెక్క తేల్చినది; 14 మంది చూపు కోల్పోయారు, నలుగురు మరణించారు. కంటి మందు తయారయ్యే చోటునుండి మీ జేబు దాకా శుభ్రత ఎక్కడ తప్పినా ఫలితం కంటికే.

వీటితో తగ్గనివారికి వాపును అణచే సైక్లోస్పోరిన్ చుక్కలు ఇస్తారు. వాటి గుణం కనబడడానికి నెలలు పడుతుంది, మొదట మండుతాయి. అందుచేత మధ్యలో మానరాదు. కన్నీరు ముక్కులోకి పోయే రంధ్రానికి చిన్న బిరడా పెట్టి, ఉన్న తడిని నిలిపే ఉపాయం కూడా ఉన్నది.

పనిచోట చేయవలసినవి: తెర కంటిమట్టానికి కొంచెం క్రిందుగా ఉంటే కన్ను తక్కువ తెరచుకొంటుంది, తక్కువ ఆరుతుంది. ప్రతి 20 నిమిషాలకు 20 అడుగుల దూరంలోని దానిని 20 సెకన్లు చూడవలెను. ఆ లోపల రెప్పలు పూర్తిగా మూసి, రెండు అంకెలు లెక్కించి, తెరవడం పదిసార్లు చేయవలెను. గాలిలో తిరిగేవారికి ప్రక్కలు మూసిన కళ్ళద్దాలు మేలు చేస్తాయి.

తీవ్రమైన నొప్పి, హఠాత్తుగా చూపు తగ్గడం, వెలుతురు చూడలేకపోవడం, చీము, నల్లగుడ్డుపై తెల్లమచ్చ: వీటిలో ఏది కనబడినా అది పొడి కన్ను అనుకొని చుక్కలు వేస్తూ కూర్చొనరాదు. ఆనాడే కంటి ఆసుపత్రికి పోవలెను.

ఇంతవరకు చెప్పినది రోగి చేయగలిగినది. 20 నిమిషాలకొకసారి కన్నెత్తి చూడమన్నాము గాని, కన్నెత్తిన సెకన్లను కూడా లెక్కగట్టే సూపర్వైజరు ఉన్నచోట ఆ సలహా కాగితంమీదనే ఉంటుంది. 1948 నాటి ఫ్యాక్టరీల చట్టంలో కళ్ళ రక్షణకు 35వ సెక్షను ఉండేది. దాని దృష్టి ఎగిరివచ్చే ముక్కలమీద, తీవ్రమైన వెలుగుమీద మాత్రమే. ఆ చట్టం స్థానంలో 2020 నాటి వృత్తి భద్రత, ఆరోగ్యం, పని పరిస్థితుల కోడ్ 2025 నవంబరు 21 నుండి అమలులోకి వచ్చినది. కోడ్‌లను గురించి కార్మికోద్యమం అభిప్రాయం అందరికీ తెలిసినదే, ఇక్కడ మళ్ళీ చెప్పము. అయినా గాలి, తేమ, ధూళి, వెలుతురు యజమాని బాధ్యతలని అందులోనూ ఉన్నది. నిర్ణయించిన తరగతుల ఉద్యోగులకు ఉచితంగా వార్షిక వైద్య పరీక్ష జరిపించవలెననీ ఉన్నది. ఆ పరీక్షలో అక్షరాల పలకతోపాటు కాగితపు పట్టీ పరీక్షను, రెప్పల పరీక్షను చేర్చుమని మన శాఖలు అడగవచ్చును. తెరముందు పని చేసేవారి దినచర్యలో విరామాలో పని మార్పులో ఉండవలెననీ, వారికి కంటి పరీక్ష హక్కనీ ఐరోపా దేశాల కూటమి 1990లోనే ఆదేశం చేసినది. అటువంటి విరామాన్ని వేతనంతో కూడిన విరామంగా మన ఒప్పందాలలో వ్రాయించుకొనవలెను. ఎ.సి. గాలి ముఖానికి తగలకుండా మళ్ళించే రేకు, చేతులు కడుక్కొనే కుళాయి, సబ్బు, ఇ.ఎస్.ఐ. డిస్పెన్సరీలో కృత్రిమ కన్నీటి చుక్కల నిలువ: ఇవి పెద్ద ఖర్చు కోర్కెలు కావు.

నష్టపరిహారం వస్తుందా అని తరగతి మొదట్లోనే ఒక సోదరి అడిగినారు. వృత్తి రోగాల జాబితాలో కొలిమి వేడి కిరణాల వల్ల వచ్చే శుక్లం ఉన్నది. పొడి కన్ను లేదు. జాబితాలో లేని వ్యాధికి పనే కారణమని నిరూపించే భారం కార్మికునిమీద పడుతుంది. అందుచేత ప్రతి శాఖ ఒక పుస్తకం పెట్టవలెను. పేరు, విభాగం, యంత్రం లేక కుర్చీ ఉన్న చోటు, ఎ.సి. మూతి లేక ఫ్యాను ఎటువైపు ఉన్నది, బాధ షిఫ్టులో ఏ గంటకు మొదలవుతున్నది, సెలవునాడు తగ్గుతున్నదా, ఏ చుక్కలు వాడుతున్నారు. సెలవునాడు తగ్గుతున్నదా అన్న గడి ఖాళీ వదలరాదు. డాక్టరు వద్దకు పోయేటప్పుడు ఆ పేజీ నకలునూ, ఇంతవరకు వాడిన సీసాలనూ ఖాళీవైనా సరే వెంట తీసుకుపోవలెను. డాక్టరు చీటీలో మీ పని పేరు కూడా వ్రాయుమని అడగండి.